ఇష్టమైతేనే

కొండపిలో వేలం ముగిసిన మర్నాడు
కూలి లెక్కల కోసం షెడ్డు ముందు కూచుంటే
స్కూటరాపి తలా ఒక టూరు కాయితం ఇచ్చాడు బాజీ.
మూడు పగళ్లు, రెండు రాత్రులు, నలభై సీట్ల బస్సు,
కిటికీ పక్కకి వంద ఎక్కువ.
చదివింది పెంచలమ్మ.
మాలో ఏడో తరగతి దాకా పోయింది తనొక్కతే.

"అనువైన కాలం, కార్తీకం నుంచి మాఘం దాకా."

ముందు సుబ్బరత్తమ్మ నవ్వింది, తర్వాత అందరం.
కార్తీకంలో నడుములు వంచి మొక్క నాటుతుంటాం.
మాఘంలో బ్యారన్ పొయ్యి ఆరదు,
కర్రకి ఆకు కుట్టే వేళ్లకి పగలేదో రాత్రేదో తెలీదు.
ఆ తర్వాత ఇదిగో ఈ మండెలు, ఈ ఘాటు,
ఎంత కడిగినా ముద్దలోకి దిగే ఈ చేదు.

మస్తానమ్మ కాయితాన్ని గోనె మీద పరిచింది.
ముప్పయ్యేళ్లు ఆకు ఏరిన చెయ్యి
నెలల్నీ అట్నే ఏరింది.
ఇది మేలురకం, మనకి రాదు.
ఇది మధ్యరకం, కూలి దొరికే రోజులు, పోగొట్టుకోలేం.
ఇదిగో, అడుగున మిగిలింది,
ఎండ పోదు, వాన రాదు,
ఎవరూ పాడని శ్రావణం.
ఇది మనది.

బాజీ తల గోక్కున్నాడు.
"శ్రావణంలో పులికాట్లో కొంగలుండవక్కా,
పెంచలకోనలో నీళ్లు దూకవు,
మైపాడు ఒడ్డున ఉక్క."
"రేటు తగ్గుద్దా?"
"రెండొందలు తగ్గుద్ది."
"ఇంకేం మరి."

కాయితం వెనక గళ్లున్నాయి.
ఉదయగిరి కోట ఎక్కితే నూటయాభై,
వెంకటగిరి మగ్గాలకి ఎనభై, పడవకి మూడొందలు.
పైన ఒక మాట.
పెంచలమ్మ రెండుసార్లు కూడబలుక్కుంది.
"ఐచ్ఛికం."
"అదే ఊరే?" అంది ఖాజాబీ.
"ఊరు కాదు. ఇష్టమైతేనే పోవచ్చంట,
లేకపోతే లేదంట. ఎవరూ అడగరంట."
"ఎవరూ అంటే, మేస్త్రీ కూడానా?"
"మేస్త్రీ బస్సెక్కడు గదే!"
కాసేపు ఎవరమూ మాట్లాడలేదు.
కొత్త గాజు తొడిగి చూసుకున్నట్టు
ఆ మాటని అటూ ఇటూ తిప్పుకున్నాం.

పెంచలమ్మది కోన దేవుడి పేరు, ఆయన్ని చూసింది లేదు,
నీళ్లు దూకకపోతే మానె, మెట్ల మీద కూచుంటానంది.
ఖాజాబీకి నెల్లూరు చెరువులో ఒక రొట్టె బాకీ ఉంది.
"పండగ అయిపోయిందిగా" అన్నాడు బాజీ.
"చెరువు అయిపోలేదుగా" అందామె.
అరగంట ఆపుతానని పెన్నుతో కింద రాశాడు.
సుబ్బరత్తమ్మకి కోట అక్కర్లేదు,
ఉదయగిరి చెక్క గరిటె కావాలి,
ఆకు వాసన ఎరగని గరిటె.
మాలకొండ మాత్రం శనివారమే.
వారానికొక్కరోజు తలుపు తీసే సామితో
బేరమేంటని ఎవరూ ఆడలేదు.
నేను పడవకి వేలు పెట్టాను.
కొంగలున్నప్పుడు అందరూ చూస్తారు,
అవి లేనప్పుడు ఆ నీళ్లు ఏం చేస్తుంటాయో
నాకు చూడాలని ఉంది.

"నువ్వో పెద్దమ్మా?"
"నేను దేనికీ దిగను" అంది మస్తానమ్మ.
"మోకాళ్లా?"
"మోకాళ్లు బానే ఉండయ్యి.
మీరంతా దిగిపోయినాక, బస్సు ఆగి ఉన్నప్పుడు,
కిటికీ పక్కన, పట్టపగలు,
చేతిలో ఏమీ లేకుండా గంటసేపు కూచుంటా.
దానికెంత?"

బాజీ కాయితం ముందూ వెనకా వెదికాడు.
ఆ గడి లేదు.
ఆఖరికి అంచున తనే ఒకటి గీశాడు, వంకరగా.
రేటు దగ్గర పెన్ను ఆగింది.
"కిటికీ వంద మాత్రం ముందే కట్టాలక్కా."

కొంగు ముడి విప్పి ఇచ్చింది.
ఆకు జిగురుకి నోట్లు ఒకదాన్నొకటి పట్టుకుని వదల్లేదు.
ఒక్కోటీ ఊది, విడదీసి,
తుమ్ముతా లెక్కపెట్టుకున్నాడు బాజీ.